కోర్టు గీత పక్కన కూర్చుని: కాలేజీ పత్రికకు ఆటల వార్త రాయడం ఎలా

2009లో నేను జర్నలిజం పీజీ చదువుతుండగా మా ల్యాబ్ జర్నల్‌లో నా మొదటి ఆటల వార్త అచ్చయింది. ఇంటర్ కాలేజ్ మహిళల కబడ్డీ ఫైనల్. మా జట్టే గెలిచింది. ఆ జట్టులో ఒకే పేరున్న అమ్మాయిలు ఇద్దరున్నారు. ఇంటి పేర్లు వేరు, జెర్సీ నంబర్లు వేరు. ఆఖరి నిమిషంలో కూతకు వెళ్ళి రెండు పాయింట్లు తెచ్చిన అమ్మాయి ఇంటి పేరు ఉండాల్సిన చోట నేను రెండో అమ్మాయిది రాశాను. పత్రిక వచ్చిన రోజు రాత్రి హాస్టల్ మెస్‌లో ఆ అమ్మాయి నా ఎదురుగానే కూర్చుంది. కోప్పడలేదు. "నాన్నకి పది కాపీలు పంపుదామనుకున్నానక్కా" అని మాత్రం అంది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

తర్వాత పన్నెండేళ్ళు ఒక దినపత్రిక స్పోర్ట్స్ డెస్క్‌లో పనిచేశాను. ఇప్పుడు పత్రిక నడుపుకునే కాలేజీ పిల్లలకు వారాంతాల్లో పాఠాలు చెబుతున్నాను. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా ముందు ఆ మెస్ సంగతే చెబుతాను. దినపత్రిక విలేకరి మ్యాచ్ రాసేసి ఇంకో ఊరు వెళ్ళిపోతాడు. మీకు ఆ వీలు లేదు. మీరు ఎవరి ఆట గురించి రాశారో వాళ్ళు రేపు క్యాంటీన్‌లో మీ పక్క బల్ల మీద టీ తాగుతుంటారు. ఇందులో భయం ఎంత ఉందో అదృష్టమూ అంతే ఉంది. ఆ కెప్టెన్ తెల్లవారుజామున ఐదింటికి ఒంటరిగా గ్రౌండ్ చుట్టూ పరుగెత్తడం మీరు హాస్టల్ కిటికీలోంచి చూసి ఉంటారు. ఏ పెద్ద పేపర్ విలేకరికీ అది కనపడదు.

ముందు రోజు చేయాల్సిన పని

మ్యాచ్ కవరేజీ మ్యాచ్ రోజున మొదలవదు. ముందు రోజు సాయంత్రం ప్రాక్టీస్ దగ్గరికి వెళ్ళండి. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్‌నో మేడమ్‌నో కలిసి రెండు జట్ల జాబితా తీసుకోండి. పూర్తి పేరు, ఇంటి పేరు, జెర్సీ నంబరు, ఏ గ్రూపు, ఏ సంవత్సరం, ఏ ఊరు అన్నీ రాసుకోండి. ఇంగ్లిష్‌లో టైప్ చేసిన లిస్టు చేతికిస్తే దాన్ని చూసి తెలుగులో రాసేయకండి. ఇంగ్లిష్ అక్షరాల్లో 'రమ' ఏదో 'రామ' ఏదో తేలదు. ఆటగాళ్ళ దగ్గరికే వెళ్ళి "నీ పేరు నువ్వే తెలుగులో రాయవా" అని నోట్‌బుక్ ఇవ్వండి. పన్నెండు మందికి పది నిమిషాలు పడుతుంది. 2009లో ఈ పది నిమిషాలు నేను పెట్టి ఉంటే పైన చెప్పింది జరిగేది కాదు.

అప్పుడే రూల్స్ కూడా అడిగి తెలుసుకోండి. టీవీలో చూసే కబడ్డీకీ కాలేజీ మీట్‌లో ఆడించే కబడ్డీకీ కొన్ని తేడాలు ఉండొచ్చు. మామూలుగా మగవాళ్ళ మ్యాచ్‌లో ఒక్కో సగం 20 నిమిషాలు, మహిళలకు 15. మ్యాచ్‌లు ఎక్కువై సాయంత్రం లోపు ముగించాలంటే నిర్వాహకులు సమయం తగ్గిస్తుంటారు. వరసగా రెండు కూతలు ఖాళీగా పోయాక మూడో కూతకు పాయింట్ తేకపోతే అవుటయ్యే డూ ఆర్ డై పద్ధతి ఈ మీట్‌లో ఉందా, స్కోర్లు సమమైతే ఏం చేస్తారు, ఆడేది మ్యాట్ మీదా మట్టి మీదా? ఇవన్నీ తెలియకుండా కూర్చుంటే ఆటలో అసలు మలుపు మీ కళ్ళ ముందే జరిగినా అది మలుపని తెలియదు.

నోట్‌బుక్‌లో ఏం రాయాలి

ఫోన్‌లో వీడియో తీసుకుంటే చాలదా అని పిల్లలు అడుగుతారు. తీసుకోండి, కానీ దాన్నే నమ్ముకోకండి. గంట వీడియోను వెనక్కీ ముందుకీ జరుపుతూ పాయింట్లు వెతకడానికి రాత్రి రెండవుతుంది. పైగా ఫోన్ తెర మీద కన్ను ఉంటే బెంచీ మీద ఏం జరుగుతోందో కనపడదు.

నా పద్ధతి ఇది. పేజీని నిలువుగా మూడు గళ్ళు చేస్తాను. ఎడమ గడిలో నిమిషం, మధ్య గడిలో ఎవరు కూతకు వెళ్ళారు, ఏమైంది, స్కోరు ఎంత. కుడి గడి ఖాళీగా వదిలేస్తాను. ఒక్కో కూతకు గరిష్ఠంగా 30 సెకన్లు, అందుకే పూర్తి మాటలు రాసే టైముండదు. పేరుకు బదులు జెర్సీ నంబరు, టచ్‌కు ట, బోనస్‌కు (బోనస్ గీత దాటితే వచ్చే పాయింట్) బో, పట్టుకు ప, పాయింట్ రాని ఖాళీ కూతకు సున్నా. "11, 7 బో, 14–12" అంటే పదకొండో నిమిషంలో 7వ నంబరు బోనస్ తెచ్చింది, స్కోరు 14–12 అని. ఈ గుర్తులు మీవి మీరే పెట్టుకోండి, కానీ మ్యాచ్ మధ్యలో మార్చకండి.

ఖాళీగా వదిలిన కుడి గడి స్కోర్ షీట్‌లో ఉండని వాటి కోసం. కోచ్ టైమవుట్ తీసుకుని ఎవరి భుజం పట్టుకుని మాట్లాడారు? ఎవరి మోకాలికి కట్టుంది? ఏ పాయింట్‌కు రిఫరీతో వాదన జరిగింది, ఎంతసేపు? చూస్తున్నవాళ్ళు ఏ క్షణంలో లేచి నిలబడ్డారు? అవుటై పక్కన కూర్చున్న అమ్మాయి ఏం చేస్తోంది? రాసేటప్పుడు మీ వార్తకు ప్రాణం పోసేది ఎక్కువగా ఈ గడే. అయితే అందులో కంటికి కనపడింది, చెవికి వినపడింది మాత్రమే ఉండాలి. "నిరాశ చెందింది" అని రాసుకోకండి. "చెప్పులేసుకోకుండానే నీళ్ళ ట్యాంకు దాకా నడిచి వెళ్ళింది" అని రాసుకోండి.

మ్యాచ్ ముగియగానే ఆటగాళ్ళ దగ్గరికి పరుగెత్తకుండా ముందు స్కోరర్ బల్ల దగ్గరికి వెళ్ళి అసలు స్కోర్ షీట్‌కు ఫోటో తీసుకోండి. సగానికి స్కోరెంత, ఎన్ని ఆలవుట్లు (జట్టంతా అవుటవడం), ఎవరికెన్ని పాయింట్లు అన్నది మీ లెక్కతో పోల్చండి. తేడా వస్తే స్కోరర్‌ను అక్కడే అడగండి. సాయంత్రమైతే షీట్ ఏ బీరువాలోకి వెళుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటిసారి రాసేవాళ్ళ కాపీ దాదాపుగా ఇలా మొదలవుతుంది: "క్రీడలు మానసికోల్లాసానికి, శారీరక దారుఢ్యానికి ఎంతగానో దోహదపడతాయని ముఖ్య అతిథి అన్నారు. శనివారం కళాశాల మైదానంలో నిర్వహించిన కబడ్డీ పోటీలను ఆయన జ్యోతి ప్రజ్వలన చేసి ప్రారంభించారు." ఆ తర్వాత వేదిక మీదున్న తొమ్మిది మంది పేర్లు. గెలిచిన జట్టు ఆఖరి పేరాలో. ఆడినవాళ్ళ పేర్లు అసలే ఉండవు.

ఈ కాపీ చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఎండలో నలభై నిమిషాలు ఆడి, మోచేతులు చెక్కుకుపోయినవాళ్ళను పక్కకు నెట్టి, షామియానా కింద కూర్చున్నవాళ్ళకు జాగా ఇచ్చాం. అతిథుల పేర్లు వేయక తప్పకపోతే చివర్లో ఒక్క వాక్యంలో వేయండి. ప్రిన్సిపాల్ గారి ఆఫీసు నుంచి ఒత్తిడి వస్తే విడిగా ఫోటో పెట్టి కింద పేర్లివ్వండి. వార్త మాత్రం ఆటతోనే మొదలవ్వాలి.

స్కోరు మీ పాఠకులకు ముందే తెలుసు. ఫైనల్ విజిల్ మోగిన నిమిషంలో వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసింది. మీ పత్రిక వారానికో నెలకో వస్తుంది. కాబట్టి "ఎవరు గెలిచారు" అనే దానికంటే "ఎక్కడ గెలిచారు" అన్నది వెతకండి. నోట్‌బుక్ ముందేసుకుని, ఆట ఏ నిమిషంలో తిరిగిందో ఆ గీత కింద ఎర్ర పెన్నుతో గీయండి. అక్కడి నుంచే మొదలుపెట్టండి. నేను క్లాసులో రాసి చూపించేది ఇలా ఉంటుంది:

"ఇంకా రెండు నిమిషాలుంది. 26–29తో మన జట్టు వెనకబడి ఉంది. కోర్టులో మిగిలింది ఇద్దరే. అవతలి జట్టు కెప్టెన్ కూతకొచ్చింది. ఎడమ మూలనున్న అమ్మాయి చీలమండ పట్టింది, రెండో అమ్మాయి నడుము పట్టింది. సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు, 28–29. మరుసటి కూతలో ఇద్దరిని తాకి వచ్చేసరికి 30–29. చివరి కూతను ఖాళీగా వెనక్కి పంపడంతో కప్పు మనకొచ్చింది."

ఇందులో విశేషణం ఒక్కటీ లేదు. కోర్టులో ముగ్గురు లేదా అంతకంటే తక్కువమంది ఉన్నప్పుడు కూతకొచ్చిన రైడర్‌ను పట్టేస్తే అదనంగా ఒక పాయింట్ వస్తుందన్న రూల్ తెలిస్తే ఇలా రాయగలరు. తెలియకపోతే "హోరాహోరీగా సాగిన ఉత్కంఠభరిత పోరులో" అని రాసి సరిపెట్టుకుంటారు. పాఠకుల్లో ఆ రూల్ తెలియనివాళ్ళుంటారు కదా, రెండో పేరాలో ఒక చిన్న వాక్యంలో చెప్పేయండి.

మొదటి పేరా అయ్యాక రెండో పేరాలో అసలు వివరాలు: ఏ మీట్, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని జట్లు, దీని తర్వాత ఏముంది. మూడో పేరా నుంచి మ్యాచ్‌ను మొదటి నుంచీ చెప్పక్కర్లేదు. ముఖ్యమైన రెండు మూడు ఘట్టాలు చాలు. మొత్తం మూడు వందల మాటలు దాటితే మళ్ళీ చదివి కోయండి.

అరిగిపోయిన మాటలు

తెలుగు ఆటల పేజీకి కొన్ని మాటలు అంటుకుపోయాయి. చిత్తు చేసింది, మట్టికరిపించింది, ముచ్చెమటలు పట్టించింది, సత్తా చాటారు, కైవసం చేసుకున్నారు. డెస్క్‌లో డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్నప్పుడు నేనూ వందలసార్లు వాడాను. తప్పు మాటలని అనను. కానీ 40–12తో గెలిస్తే చిత్తు చేసినట్టు, 30–29తో గెలిస్తే గట్టెక్కినట్టు. ఒక్క పాయింట్‌తో గెలిచిన మ్యాచ్‌కు "చిత్తు" అని హెడ్డింగ్ పెడితే ఓడిన జట్టుకు అన్యాయం చేసినట్టే. "సత్తా చాటిన విద్యార్థులు" అనే హెడ్డింగ్‌ను మాత్రం మా పిల్లల్ని అసలు వాడనివ్వను. ఏ ఆట, ఎవరు, ఏం గెలిచారు, ఒక్కటీ అందులో లేదు.

కబడ్డీకి మనకు చక్కని మాటలున్నాయి: కూత, పట్టు, గీత, బరి. కబడ్డీ రాసేటప్పుడు వీటిని వాడండి. బోనస్, ఆలవుట్, సూపర్ ట్యాకిల్ లాంటివి ఆటగాళ్ళ నోట ఎలా వస్తాయో అలాగే ఉంచండి. వాటికి కొత్త తెలుగు పుట్టించబోతే గ్రౌండ్‌లో ఎవరికీ అర్థం కాదు. క్రికెట్‌లో "బ్యాట్స్‌మన్" బదులు "బ్యాటర్" అనండి. 2021లో క్రికెట్ చట్టాల్లోనే ఆ మాట మార్చారు, అమ్మాయిల మ్యాచ్ రాసినా అబ్బాయిల మ్యాచ్ రాసినా అదే సరిపోతుంది.

అమ్మాయిల ఆటల విషయంలో ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "ఆడపిల్లయినా", "అబ్బాయిలకు దీటుగా" అన్నవి కనిపిస్తే కొట్టేయండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ 240 పక్కన "ఆడపిల్లయినా" అని పెట్టి చూడండి, ఆ మాట ఎంత చిన్నబుచ్చుతుందో తెలుస్తుంది. పారా క్రీడాకారుల గురించి రాసేటప్పుడూ ఇదే. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024లో కోబేలో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి) విభాగాన్ని 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో గెలిచింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ముందు ఆ పరుగు రాయండి. కష్టాల కథ అవసరమైతే, ఆమెకు చెప్పడం ఇష్టమైతే, తర్వాత రాయొచ్చు.

ఆటగాళ్ళతో మాట్లాడటం

"గెలిచినందుకు ఎలా ఫీలవుతున్నారు?" అని అడిగితే "చాలా హ్యాపీగా ఉంది, సార్ ప్రోత్సాహం వల్లే" అంటారు. తప్పు వాళ్ళది కాదు, ప్రశ్నది. నోట్‌బుక్ చూసి ఒక క్షణం గురించి అడగండి. ఒకసారి ఒక రైడర్‌ను నేనిలా అడిగాను: "మొదటి సగమంతా ఎడమవైపే వెళ్ళావు, రెండో సగంలో కుడివైపు మార్చావెందుకమ్మా?" ఆ అమ్మాయి వెంటనే చెప్పింది: "ఎడమ మూలనున్న అమ్మాయి నేను గీత తొక్కేదాకా కదలట్లేదక్కా, కాచుకుని ఉంటోంది. కుడివైపు పిల్ల తొందరపడి ముందుకొచ్చేస్తోంది. ఇంటర్వెల్‌లో మా కెప్టెన్ చూసి చెప్పింది." ఆ మూడు వాక్యాల్లో మ్యాచ్ మొత్తం ఉంది. నా వార్తకు హెడ్డింగ్ కూడా అక్కడే దొరికింది.

వాళ్ళ మాట వాళ్ళ మాటలాగే ఉండనివ్వండి. శ్రీకాకుళం పిల్ల "నానిలా ఎల్లీసరికి" అంటే, మహబూబ్‌నగర్ పిల్లవాడు "గట్లనే ఉరికిన" అంటే, దాన్ని గ్రాంథికంలోకి దిద్దితే అది వాళ్ళది కాకుండా పోతుంది. యాసను వేయొచ్చా అని మాత్రం వాళ్ళనే అడగండి, ఎవరైనా నవ్వుతారని కొందరికి బెరుకు ఉంటుంది. ఓడిన జట్టు దగ్గరికీ తప్పకుండా వెళ్ళండి. కన్నీళ్ళు పెట్టుకుంటున్నవాళ్ళను పది నిమిషాలు వదిలేసి, కోచ్‌తో ముందు మాట్లాడండి. నా అనుభవంలో ఓడినవాళ్ళే మ్యాచ్‌ను నిజంగా వివరించారు.

గాయమైతే "లిగమెంట్ తెగింది" అని మీరు తేల్చేయకండి. డాక్టరో పీడీనో చెబితే వాళ్ళ పేరుతో రాయండి. లేదంటే "మోకాలు పట్టుకుని బయటికి వచ్చింది, తర్వాత ఆడలేదు" అన్నది చాలు. ఆ వార్త ఊళ్ళో వాళ్ళమ్మ చదువుతుంది.

అంకెలు, రికార్డులు

ఆటల వార్తలో అంకె తప్పితే మిగతాదంతా నమ్మరు. కాలేజీ పత్రికల్లో నాకు ఎక్కువగా కనిపించే పొరపాట్లు రెండు. ఒకటి క్రికెట్ రన్‌రేట్. 18.3 ఓవర్లంటే పద్దెనిమిదిన్నర ఓవర్లు, 111 బంతులు. 120 పరుగులను క్యాలిక్యులేటర్‌లో 18.3తో భాగిస్తే 6.56 వస్తుంది, అది తప్పు. 18.5తో భాగిస్తే వచ్చే 6.49 సరైంది.

రెండోది పరుగు పందేల టైమింగ్. మన మీట్లలో చాలావాటికి చేతి స్టాప్‌వాచే గతి. వాచీ 11.24 చూపించినా, చేతితో తీసిన టైమును పైనున్న పదో వంతుకు పెంచి 11.3 అని నమోదు చేయాలి. మీరు 11.24 అని రాస్తే ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉందన్న భ్రమ కలుగుతుంది. దాన్ని పట్టుకుని జాతీయ స్థాయి టైములతో పోల్చడం ఇంకా పెద్ద తప్పు.

"రికార్డు" అనే మాట దగ్గర పెన్ను ఆపండి. దీనికి మన విశాఖ హర్డ్లర్ జ్యోతి యర్రాజి సంగతే పాఠం. 2020లో మూడబిద్రిలో జరిగిన ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్‌లో ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు 2002లో అనురాధ బిశ్వాల్ పేరిట ఉన్న 13.38. అయినా జ్యోతి టైమును రికార్డుగా గుర్తించలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.08 పరుగెత్తింది. ఈసారి వెనక నుంచి వీచిన గాలి సెకనుకు 2.1 మీటర్లు, అనుమతించేది 2.0 దాకానే. మళ్ళీ లెక్కలోకి రాలేదు. మరుసటి నెల సైప్రస్‌లో 13.23 పరుగెత్తినప్పుడు ఆ రికార్డు ఆమె పేరిట చేరింది. మూడు పరుగుల్లో ఇదే నెమ్మదైనది. 2023లో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ క్రీడల్లో ఆమె 12.78తో కాంస్యం గెలిచింది.

మూడబిద్రిలో నిలబడిన విద్యార్థి విలేకరి మీరే అయితే ఏం రాయాలి? "జాతీయ రికార్డు కంటే మెరుగైన టైము, గుర్తింపు రావాలంటే ఈ షరతులు తీరాలి" అని రాయాలి. కాలేజీ రికార్డైనా అంతే. పాత రికార్డెవరిది, ఏ సంవత్సరం, ఎక్కడ రాసి ఉందో పీడీ రూములో రిజిస్టర్ చూడండి. రిజిస్టర్ లేకపోతే "రికార్డు" అనొద్దు. పాత మీట్ల ఫలితాలు పోగు చేసి ఆ రిజిస్టర్ మీ పత్రికే మొదలుపెడితే ఇంకా మంచిది. నేను పాఠం చెప్పిన ఒక బ్యాచ్ ఆ పని చేసింది. పాత బ్యాచ్‌లవాళ్ళు ఫోన్లు చేసి మరీ తమ సర్టిఫికెట్ల ఫోటోలు పంపారు.

ఓటమి, ఫిర్యాదు

మన కాలేజీ ఓడితే వార్త చిన్నదైపోతుంది, లేదా అంపైర్ల మీదికి వెళుతుంది. 2016 రియో ఫైనల్లో సింధు కరోలినా మారిన్ చేతిలో 21–19, 12–21, 15–21తో ఓడింది. ఆ మూడు గేముల అంకెలు వరసగా చదివితేనే ఎక్కడ పట్టు దొరికిందో, ఎక్కడ జారిందో తెలుస్తుంది. రజతం వచ్చిందన్నది నిజం, ఫైనల్ ఓడిందన్నదీ నిజం. మీ వార్తలో రెండూ ఉండాలి. అంపైర్ నిర్ణయం మీద వివాదముంటే ఏ పాయింట్, అప్పుడు స్కోరెంత, జట్టు ప్రొటెస్ట్ ఇచ్చిందా, ఏం జవాబొచ్చింది అన్నంతవరకే రాయండి.

గ్రౌండ్‌లో రాళ్ళు, అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గది లేకపోవడం, మీట్‌కు వెళ్ళిన జట్టుకు టీఏ డీఏ అందకపోవడం, సెలెక్షన్స్‌లో అన్యాయం. ఇవి కూడా ఆటల వార్తలే, విద్యార్థి పత్రిక రాయకపోతే ఇంకెవరూ రాయరు. కానీ ఒక్కరు చెప్పింది విని రాయకండి. కనీసం ముగ్గురితో మాట్లాడండి, ఆర్డర్ కాపీయో బిల్లో కళ్ళతో చూడండి, గదో గ్రౌండో మీరే వెళ్ళి చూడండి. తర్వాత పీడీ దగ్గరికి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. బడ్జెట్ ఎక్కడ ఆగిందో ఆయనే చెప్పిన సందర్భాలు నాకు ఎదురయ్యాయి. చెప్పిన పిల్లలు పేరు వద్దంటే మాట ఇచ్చేముందు ఎడిటర్‌తో మాట్లాడండి, ఇచ్చాక నిలబెట్టుకోండి.

పేజీ వెళ్ళేముందు

కాపీ పూర్తయ్యాక గట్టిగా బయటికి చదవండి. ఊపిరి ఆగిన చోట వాక్యం విరగ్గొట్టండి. తర్వాత ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు, నంబర్లు, స్కోర్లు ఒక్కోటీ జాబితాతో టిక్ పెట్టండి. ఫోటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు మరోసారి సరిచూడండి, అక్కడ జరిగే పొరపాట్లే ఎక్కువ.

అయినా తప్పు దొర్లితే తర్వాతి సంచికలో అదే పేజీలో, కనపడే చోట సవరణ వేయండి. 2009లో నేను మా ఎడిటర్‌ను అడిగి సవరణ వేయించాను, ఆ కబడ్డీ అమ్మాయి ఆట గురించి విడిగా ఒక ఐటమ్ కూడా రాశాను. ఆ సంచిక రాగానే పది కాపీలు తీసుకుని వాళ్ళ హాస్టల్ రూముకు నేనే వెళ్ళాను. మంచం మీద కూర్చుని తన పేరు వేలుతో పట్టి చదువుకుంది. తర్వాత అన్నీ ఒక పాత కవర్‌లో పెట్టి, దాని మీద వాళ్ళ ఊరి అడ్రస్ రాసింది.